గోడ మీద బొమ్మ కాపలాకి కాదు

బెంగళూరులో పాత కాంపౌండు గోడల వెంట నడిస్తే మోకాలి ఎత్తున వరసగా టైల్స్ కనిపిస్తాయి. వినాయకుడు, ఏసుక్రీస్తు, మక్కా, సాయిబాబా. అవి అక్కడికి భక్తితో రాలేదు. ఆ మూల ఎవరూ ఒంటేలుకి నిలబడకూడదని ఇంటివాళ్ళో, ఆఫీసువాళ్ళో అతికించారు. దేవుడి బొమ్మ ఎదురుగా ఉంటే మనిషి జంకుతాడని నమ్మకం. ఈ నగరం గోడ మీద బొమ్మకి ఇచ్చిన మొదటి ఉద్యోగం కాపలా.

పెద్ద ఎత్తున చేసిన పనుల వెనకా అదే ఆలోచన ఉంది. 2009లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ ప్రధాన రోడ్ల పక్కనున్న గోడలకి బొమ్మలు వేయించడం మొదలుపెట్టింది పోస్టర్లు అంటించకుండా, గోడలు పాడు చేయకుండా ఆపడానికే. 2010లో చర్చ్ స్ట్రీట్ దగ్గర పని మొదలుపెట్టిన 'ది అగ్లీ ఇండియన్' బృందం, తమ పేర్లు కూడా బయటపెట్టకుండా, చెత్తకుప్పలు ఎత్తేసి ఆ చోటుని బాగుచేస్తుంది. గోడ అడుగున ఎర్రమట్టి రంగు పట్టీ వేస్తుంది. పాన్ మరక పడినా ఆ రంగులో కలిసిపోతుంది. ఫ్లైఓవర్ల కింద స్తంభాలకి రంగురంగుల జ్యామితి డిజైన్లు వేసింది. నాకు ఆ బృందం అంటే చాలా గౌరవం. మాటలు తక్కువ, పని ఎక్కువ అన్న పద్ధతి ఈ ఊరికి నేర్పింది వాళ్ళే.

అయినా నాకు ఒక దిగులు ఉంది. బొమ్మని కాపలాకి పెట్టినప్పుడు దాని గురించి మనం అడిగేది ఒకటే: పోస్టర్లు ఆగాయా లేదా? ఆగితే బొమ్మ మంచిది, ఆగకపోతే డబ్బు దండగ. అక్కడ ఏం గీశారు, ఎవరు గీశారు, ఎవరి కోసం గీశారు అన్నది ఎవరికీ పట్టదు. నేను అడగమనేది వేరే ప్రశ్న. ఆ గోడ ముందు రోజూ బతికేవాళ్ళకి ఆ బొమ్మతో పని ఉందా? సెలవు రోజుల్లో ఈ నగరంలో గోడలు చూస్తూ తిరగడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఎంత తిరిగినా నాకు తేలింది ఇదే: ఆ ప్రశ్నకి అవును అని జవాబు వచ్చిన బొమ్మే బతికింది. మిగతావి బాగుండొచ్చు, ఫోటోకి పనికిరావచ్చు, అంతే.

మాది ప్రొద్దుటూరు. నా ఈడువాళ్ళలో చాలామంది అక్షరాలు కూడబలుక్కుని చదివింది గోడల మీదే. 'చిన్న కుటుంబం చింత లేని కుటుంబం', పక్కన ఎర్ర త్రికోణం. ఎరువుల కంపెనీ పేరు, సిమెంటు పేరు, విద్యార్థి సంఘాల నినాదాలు, ఎన్నికలొస్తే గుర్తులు. సున్నం కొట్టిన తెల్లటి పట్టీ మీద నీలం, ఎరుపు అక్షరాలు. ఇంటి ముందు గోడకైతే అమ్మవాళ్ళు కింద జాజు పూసి, దాని మీద ముగ్గుపిండితో చుక్కలు పెట్టేవాళ్ళు. గోడ అనేది ఏదో ఒకటి చెప్పే చోటుగానే మాకు తెలుసు. అందుకే బెంగళూరు వచ్చిన కొత్తలో నాకు గోడ చదివే అలవాటు పోలేదు. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి అది కూడా గోడల మీదే నేర్చుకున్నాను.

2009 నాటి ఆ బొమ్మల్ని చదువుకున్నవాళ్ళు చాలామంది ఈసడించారు. హంపి రథం, జోగ్ జలపాతం, మైసూరు ప్యాలెస్, దసరా ఏనుగు, యక్షగానం వేషం. అవే మళ్ళీ మళ్ళీ, గోడ తర్వాత గోడ. క్యాలెండర్ బొమ్మల్లా ఉన్నాయని, నగరానికి ఇదేం అభిరుచి అని మాటలు పడ్డాయి. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వాటిలో చాలావరకు గీసింది సైన్‌బోర్డులు, సినిమా హోర్డింగులు రాసి బతికిన చేతులు. 2000 తర్వాత ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చి వాళ్ళ పనిని దాదాపు మింగేసింది. నలభై అడుగుల కటౌట్ మీద హీరో కంట్లో తడి చూపించగల మనిషికి పని లేకుండా పోయింది. అలాంటివాళ్ళకి మళ్ళీ గోడ దొరికింది. ఎండకి వెలిసిన ఆ జలపాతాల దగ్గర ఆగి చూస్తే నీటి తుంపరని ఒక్క పొడి కుంచె విసురుతో తెచ్చిన నైపుణ్యం కనిపిస్తుంది. లోపం వాళ్ళ చేతిలో లేదు. ఏం గీయాలో పైనుంచి జాబితా ఇచ్చి, చదరపు అడుగు లెక్కన కొలిచి, కింద పేరు రాసే చోటు లేకుండా చేయించిన పద్ధతిలో ఉంది. నేను చూసిన వాటిలో ఒక్కదాని కింద కూడా గీసినవాళ్ళ పేరు కనిపించలేదు.

కలాసిపాళ్యలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు షట్టర్ మీద పేరు రాస్తున్న పెద్దాయనతో మాట్లాడాక నాకు ఈ విషయం ఇంకా బాగా అర్థమైంది. ములబాగిలు పక్కనుంచి చిన్నప్పుడే వచ్చేశాడు, ఇంట్లో తెలుగే. కెంపేగౌడ రోడ్డులో థియేటర్ల ముందు కటౌట్లు వరసగా నిలబడ్డ రోజుల్లో వాటికి రంగులు వేశాడు. ఇప్పుడు షట్టర్లు, లారీల వెనక పలకలు, 'నో పార్కింగ్' బోర్డులు.

నేను వెళ్ళేసరికి గీతలు కొడుతున్నాడు. దారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస కుర్రాడికి ఇచ్చి, రెండో కొస తను బిగించి పట్టుకుని, మధ్యలో వేలితో లాగి వదిలాడు. షట్టర్ మడతల మీద తెల్లటి గీత తిన్నగా పడింది. అలా పైన ఒకటి, కింద ఒకటి. అక్షరాలు ఆ రెండింటి మధ్యే కూర్చోవాలి. కుంచె పట్టిన చెయ్యి వణకకుండా, కొసకి గుడ్డ చుట్టిన ఒక కర్రని షట్టర్‌కి ఆనించి, దాని మీద మణికట్టు పెట్టాడు. ముందు కన్నడ పేరు, కింద అదే పేరు తెలుగులో. షట్టర్ మడత దగ్గర గీత విరిగిపోతుంది కదా, అక్కడ ఆయన కుంచెని కొంచెం ఎక్కువ నొక్కుతున్నాడు. కింద నిలబడి చూస్తే అక్షరం ఎక్కడా తెగినట్టు లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి మడతలోనూ రంగు కొంచెం మందంగా ఉంది. రోడ్డు మీద వెళ్ళేవాడి కంటికి ఎలా కనబడాలో ఆ చేతికి ముందే తెలుసు.

కాంట్రాక్టు మీద వేసే గోడ బొమ్మల సంగతి అడిగాను. "బొమ్మ సంగతి తర్వాత సార్, ముందు గోడ. కడగాల, ఎండనియ్యాల, ప్రైమర్ కొట్టాల. అదేం లేకుండా రంగు పూసేస్తే రెండు వానలకి పొరలు లేస్తాది. కిందనుంచి చెమ్మ ఎక్కుతాది, ఉప్పు తేలుతాది. ఉప్పు తేలినాక ఎంత మంచి కంపెనీ రంగైనా నిల్చదు" అన్నాడు. అడుగుకి ఇంత అని రేటు కట్టినప్పుడు అందరూ మిగుల్చుకునేది ప్రైమర్ దగ్గరేనట. ఆ మాట విన్న తర్వాత నగరంలో పొట్టు రాలిన ఏ బొమ్మ చూసినా నాకు టెండరు కాగితమే కళ్ళముందు ఆడుతోంది.

ఇక గోడ కూడా అక్కర్లేని మనిషి గురించి చెప్పాలి. మైసూరు నుంచి వచ్చిన కళాకారుడు బాదల్ నంజుండస్వామి. 2015 జూన్‌లో సుల్తాన్‌పాళ్యలో రోడ్డు మీద పెద్ద గుంట పడి, నీళ్ళు నిండి చెరువులా తయారైంది. ఆయన ఫైబర్‌తో 20 కిలోల మొసలిని చేసి తెచ్చి అందులో వదిలాడు. గుంట చెరువులా కనిపించేలా రంగు వేశాడు. జనం గుమిగూడారు, ఫోటోలు దేశమంతా తిరిగాయి, గుంట పూడ్చారు. 2019 సెప్టెంబరు మొదట్లో చంద్రయాన్-2 దిగే ఘడియ కోసం దేశమంతా ఎదురుచూస్తుంటే, హేరోహళ్ళి దగ్గర తుంగానగర రోడ్డు మీద వ్యోమగామి దుస్తులు వేసిన ఒక నటుడిని మెల్లగా నడిపించి వీడియో తీశాడు. చంద్రుడి మీద నడుస్తున్నాడనే అనుకుంటాం. పక్కనుంచి ఆటో వెళ్ళాక గానీ అది మన రోడ్డని తెలియదు. అక్కడా వెంటనే పనులు మొదలయ్యాయి.

దీన్ని స్టంట్ అని కొట్టిపారేసేవాళ్ళని చూశాను. నాకు ఆ మాట నచ్చదు. కగ్గదాసపురలో ఏళ్ళ తరబడి గుంటల మధ్య బండి నడిపిన వాడిగా చెబుతున్నాను, అర్జీలు పెట్టడం అందరం చేశాం. కంప్లెయింట్ నంబర్ వస్తుంది, తర్వాత 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వస్తుంది, గుంట అలాగే ఉంటుంది. నంజుండస్వామి ఆ గుంటని అందరూ చూసేలా చేశాడు. సుల్తాన్‌పాళ్య జనానికి ఆ మొసలితో ఉన్నంత పని మైసూరు ప్యాలెస్ బొమ్మతో ఎప్పటికీ ఉండదు. నా ప్రశ్నకి దానికంటే గట్టి జవాబు ఈ నగరంలో నేను చూడలేదు.

ఆటోల వెనక కన్నడ నటుడు శంకర్ నాగ్ బొమ్మ కూడా నా లెక్కలో ఇందులోకే వస్తుంది. 1980లో ఆయన ఆటో డ్రైవరుగా చేసిన 'ఆటో రాజా' సినిమా వచ్చింది, 1990లో ఆయన పోయాడు. ఇన్నేళ్ళు గడిచినా బెంగళూరు ఆటోవాళ్ళు ఆయన్ని వదల్లేదు. 2021 అక్టోబరులో నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయాక, అభిమానులు అప్పు అని పిలుచుకునే ఆయన నవ్వు ముఖం గోడలకి, షట్టర్లకి, ఆటోలకి వచ్చేసింది. ఏ ఫౌండేషనూ డబ్బివ్వలేదు, ఏ కమిటీ స్కెచ్ ఆమోదించలేదు. కొన్నింటిలో పోలిక సరిగ్గా కుదరదు, ముక్కు కాస్త వంకరగా ఉంటుంది. అయినా వాటి మీద ఎవరూ ఉమ్మరు. కాపలా కోసం గీయని బొమ్మకి జనమే కాపలా ఉంటున్నారు.

అనుమతి లేని రాతల సంగతి కూడా మాట్లాడుకోవాలి. 2022 మేలో సుంకదకట్టెలో ఒక స్కూలు గోడలు, మెట్లు, ముందున్న రోడ్డు నిండా ఎర్ర పెయింటుతో ఇంగ్లీషు అక్షరాల్లో 'సారీ' అని రాసి ఉంది. ఒకటి రెండు చోట్ల కాదు, ఎటు చూస్తే అటు. సీసీటీవీలో బైకు మీద వచ్చిన ఇద్దరు కనిపించారు, వీపున డెలివరీ వాళ్ళ బ్యాగు లాంటిది. స్కూలువాళ్ళకి అది ఇబ్బందే, శుభ్రం చేసుకునే ఖర్చు వాళ్ళదే. నేను దాన్ని సమర్థించను. కానీ ఆ ఫోటోలు చూసినప్పుడు నా గుండె కలుక్కుమంది. కోటి మందికి పైగా ఉన్న ఊళ్ళో ఒకరికి ఒక మాట వినిపించాలంటే ఇంత రంగు కావలసి వచ్చింది. లక్షలు పోసి వేయించిన ఎన్నో బొమ్మల ముందు నాకు అలా అనిపించలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో, పేటీఎంని అనుకరిస్తూ, 'పేసీఎం' పోస్టర్లు వెలిశాయి. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మతో క్యూఆర్ కోడ్, కమీషన్ల ఆరోపణలతో ప్రతిపక్షం చేసిన ప్రచారం. పోలీసులు కేసులు పెట్టారు, కొందరిని అరెస్టు చేశారు. వాడిన చట్టం బహిరంగ ప్రదేశాలను వికృతం చేయకుండా ఆపడానికి కర్ణాటకలో 1981లో వచ్చింది. ఏ పార్టీది ఒప్పు అన్నది నా విషయం కాదు. పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టినా అదే చట్టం కిందికి రావాలి. 2018 ఆగస్టులో హైకోర్టు గట్టిగా మందలిస్తే గానీ బీబీఎంపీ ఫ్లెక్సీలు పీకించలేదు. తర్వాత మెల్లగా అవి మళ్ళీ కూడళ్ళకి వచ్చేశాయి. శుభాకాంక్షలకి ఒక కన్ను, ప్రశ్నకి ఇంకో కన్ను అయితే, ఆ చట్టం గోడ అందం కోసం ఉందని నేను నమ్మలేను. గోడ మీద ఎవరు మాట్లాడొచ్చో తేల్చడానికే అది పనికొస్తోంది.

అనుమతితో వేసిన బొమ్మలన్నీ ఉత్తవే అనడం కూడా తప్పు. 2016లో బెంగళూరులో మొదలైన అరవాని ఆర్ట్ ప్రాజెక్ట్‌లో ట్రాన్స్‌జెండర్ మహిళలు, ఇతర మహిళలు కలిసి గోడలకి రంగులు వేస్తారు. కళాకారిణి పూర్ణిమా సుకుమార్ దీన్ని మొదలుపెట్టారు. వాళ్ళ తొలి బొమ్మల్లో ఒకదాని మీద కన్నడలో 'నావు ఇద్దేవె', మేమున్నాం, అని రాశారు. సిగ్నల్ దగ్గర కారు అద్దం ఎక్కించుకుని మనం ముఖం తిప్పుకునే మనుషులు పగటిపూట, నడిరోడ్డు మీద, నిచ్చెన ఎక్కి, చేతినిండా రంగుతో నిలబడ్డారు. దారినపోయేవాళ్ళు ఆగి ఏం గీస్తున్నారని అడిగారంటే, ఆ మాట కలవడం కోసమే ఆ గోడ. పూర్తయిన బొమ్మ ఎంత ముఖ్యమో, గీస్తున్న ఆ కొన్ని రోజులూ అంతే ముఖ్యం. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా వీధుల్లో స్టార్ట్ ఇండియా (St+art India) అనే వీధి కళల సంస్థ వాళ్ళు వేయించిన పెద్ద బొమ్మలు మన వాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. అదే సంస్థ 2016లో బెంగళూరులోనూ పని చేసింది. సృష్టి డిజైన్ కాలేజీ విద్యార్థులు పీణ్య, కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్లలో చేసిన పనులూ చూడదగ్గవే. అయితే మెట్రోలో ఎవరూ ఆగరు. కార్డు తాకించి పరుగెత్తే చోట బొమ్మకి మనిషి దొరకడం కష్టం.

ఇదంతా చదివి, అయితే ఎవడైనా మా ఇంటి గోడ మీద గీసి పోవచ్చా అని మీరు అడగొచ్చు. వద్దు. ఇల్లు కట్టుకున్నవాడికి తన గోడ మీద హక్కు ఉంది. రాయి మీద, చెట్టు మీద అయితే ఎవరికీ హక్కు లేదు. కబ్బన్ పార్కులో వెదురు బొంగుల మీద బ్లేడుతో పేర్లు చెక్కినవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లాల్‌బాగ్ గుట్ట 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి, అక్కడ మన ఇనీషియల్స్‌కి పనేమిటి? రంగు మీద రంగు వేస్తే పోతుంది. చెక్కింది పోదు. నేను మాట్లాడుతున్నది ప్రభుత్వ గోడల గురించి, ఫ్లైఓవర్ స్తంభాల గురించి, ఫుట్‌పాత్‌ని ఆనుకుని వందల అడుగులు సాగే అపార్ట్‌మెంట్ల కాంపౌండు గోడల గురించి. ఆ గోడకి లోపలి వైపు ఓనర్లది. బయటి వైపు ముందు రోజంతా నిలబడేది వేరేవాళ్ళు.

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ఆ చర్చే నడుస్తోంది. రోడ్డు వైపు గోడకి బొమ్మలు వేయించాలని అసోసియేషన్ అనుకుంది. కారణం మళ్ళీ పాతదే, పీజీ హాస్టళ్ళ పాంప్లెట్లు అంటిస్తున్నారని. ఒక వెండర్ క్యాటలాగ్ పంపాడు. వార్లీ బొమ్మలు, కళ్ళు మూసుకున్న బుద్ధుడు, ఎగిరే పక్షులు. వార్లీ అయితే చదరపు అడుగుకి కొంచెం తక్కువ. వార్లీ గొప్ప కళ. మహారాష్ట్ర గిరిజనుల ఇళ్ళలో మట్టిగోడల మీద, బియ్యప్పిండితో, పెళ్ళిళ్ళకి వేసుకునేది. దాన్ని పట్టుకొచ్చి ఊరిలో సగం కాంపౌండు గోడలకి తెల్ల ఎమల్షన్‌తో అచ్చేస్తే ఆ గిరిజనులకి ఏం ఒరిగింది, ఇక్కడివాళ్ళకి ఏం ఒరిగింది?

అందుకని గోడ ముందు ఉండేవాళ్ళనే అడిగాను. ఆటో స్టాండు కుర్రాళ్ళు ఒకే మాట మీద ఉన్నారు: శంకరణ్ణ, అప్పు. పూలమ్మే ఆమెది కుప్పం. "ఏ బస్సు యాడికి పోతాదో పెద్దగా రాయించన్నా, దినమంతా అందరూ నన్నే అడుగుతారు" అంది. ఇస్త్రీ బండి దంపతులది మదనపల్లె. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆమె బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, చీర కొంగుతో మెడ తుడుచుకుని చెప్పింది: "ఏ బొమ్మైనా ఎయ్యండన్నా, ముదురు రంగు మాత్రం వద్దు. మధ్యాన్నం ఎండకి గోడ కాలి, ఎనకనుంచి సెగ కొడతాది. ముందర పెట్టె సెగ ఎట్లా తప్పదు." క్యాటలాగ్‌లో బుద్ధుడి వెనక మొత్తం ముదురు నీలం. ఆ గోడకి ఆనుకుని రోజూ పనిచేసే మనిషిని అడగకుండా మేం దాన్ని ఎంచుకుని ఉండేవాళ్ళం.

ఈ ఆదివారం మీటింగ్‌లో నేను నాలుగు విషయాలు పట్టుబడతాను. గోడ కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేయడానికి విడిగా డబ్బు కేటాయించాలి, అది బొమ్మ రేటులో కలపకూడదు. ఇస్త్రీ బండి వెనక భాగమంతా లేత రంగే ఉండాలి. బొమ్మ పని వెండర్‌కి కాకుండా కలాసిపాళ్య పెద్దాయనకి ఇవ్వాలి. బస్సు నంబర్లూ ఆయనే రాస్తాడు, శంకర్ నాగ్‌నీ ఆయనే గీస్తాడు, కింద తన పేరు, ఊరు రాసుకుంటాడు. ఇక గేటుకి దూరంగా చివర ఆరడుగులు ఉత్త తెలుపు వేసి వదిలేయాలి. అక్కడ ఎవరు ఏం రాసినా, బూతు కానంతవరకు, నెల తిరిగేదాకా దాని మీద రంగు కొట్టకూడదని తీర్మానంలో రాయమంటాను.